నల్లపొడి పందెం

“ముందు చేతులు కడుక్కు రండి. ఆ వేళ్ళు చూశారంటే ప్లీడరుగారు కాగితం చూడకుండానే మనల్ని సాగనంపుతారు,” అంది భార్య.

ప్రింటర్లకి టోనరు పొడి నింపే కొట్టాయన తన నల్లటి వేళ్ళు చూసుకుని నవ్వాడు.

“ఇవే మన సైన్‌బోర్డు. నువ్వెందుకే అలా వణుకుతున్నావు?”

“ఈ ఆఫీసు కూడా జారిపోతే మన కొట్టుకి తాళమేగా! వణకనా మరి?”

ప్లీడరుగారి ఆఫీసు బల్ల మీద కవలపిల్లల్లా రెండు ప్రింటర్లు. ఎడమదాంట్లో అతను పొడి నింపిన పాత కార్ట్రిడ్జి, కుడిదాంట్లో డీలరు తెచ్చిన కొత్త కంపెనీ కార్ట్రిడ్జి. ఏది ఎవరిదో ప్లీడరుగారికి చెప్పలేదు. ఆయన మెచ్చిన సరుకుకే ఆఫీసు పని మొత్తం. ప్లీడరుగారు ఇంకా లోపలి గదిలోనే ఉన్నారు. డీలరు వరండాలో ఫోను మాట్లాడుతుంటే, కొట్టాయన కుళాయి వెతుక్కుంటూ వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి ప్లీడరుగారు బల్ల దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

“ఊఁ, కానివ్వండి!”

రెండు మిషన్లూ ఒక్కసారే గుర్రుమన్నాయి. డీలరు కొట్టాయన చెవి దగ్గరికి వంగాడు.

“ముసలాయన జుట్టుకి రంగేసి పెళ్ళిచూపులకి తెచ్చావేమయ్యా!”

“రంగు నిలుస్తుందో లేదో రుద్ది చూడమనండి సార్.”

ప్లీడరుగారు నిజంగానే బొటనవేలితో రుద్దారు. ఒక కాగితం, తర్వాత రెండోది. కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. మళ్ళీ మొదటిది తీశారు. భార్య కొంగు కొరుకుతోంది.

“ఇదీ అక్షరమంటే! కాటుక దిద్దినట్టుంది. ఏ మిషన్‌దిది?”

“కుడిదండీ!” డీలరు గంతేసినంత పని చేశాడు. “కంపెనీదండీ!”

“అనుకున్నా. ఎంతైనా ఒరిజినల్ ఒరిజినలే.”

సరుకు ఓడితే ఓటమి ఒప్పుకోవాలి, అది వ్యాపార ధర్మం. కొట్టాయన డీలరుతో చేయి కలిపి బయటికొచ్చాడు. మెట్ల మీద భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“ఊరుకోవే. రేపు ఆ డీలరు దగ్గరే పనికి కుదురుతాను. మన పొడిలో సత్తా లేదు, అంతే.”

“అలా అనకండి! ఉంది!”

“కళ్ళారా చూశాంగా, ఇంకా ఏముంది?”

ఆమె అతని చేతులు రెండూ పట్టుకుంది.

“మీరు గెలవాలని ఆ రెండు కార్ట్రిడ్జిల్నీ నేనే అటూ ఇటూ మార్చేశానండీ.”