గాజు దూది

చక్రాల కుర్చీ వచ్చి డ్రైవరు కట్టుకాలికి తగిలింది.

"అబ్బా!"

"అయ్యో, చూసుకోలేదు నాయనా. మంట పుట్టిందా, పోటు పుట్టిందా?" అంది కుర్చీలోని పెద్దావిడ.

డ్రైవరు తలెత్తి చూశాడు. ఆవిడకు ఎడమకాలు మోకాలి కిందనుంచి లేదు. జవాబు వినేదాకా కదలనన్నట్టు అతని ముఖంలోకే చూస్తోంది.

"ఏది పుడితే మీకెందుకండీ?" అన్నాడు విసుగ్గా.

కట్లు కట్టే గది ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. రోజూ ఆ వరండాలోనే కనిపించే ఆవిడకు వాళ్ళు పెట్టుకున్న పేరు ఆరాలమ్మ. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ ఆపి ఆరాలు తీయకపోతే ఆవిడకు పొద్దుపోదని అందరికీ వేళాకోళం.

డ్రైవరుకు నవ్వే ఓపిక లేదు. షుగరు ముదిరి పాదాలు మొద్దుబారిపోయాయి. అరికాల్లో గాజుపెంకు దిగినా తెలియలేదు. తెలిసేసరికి పుండైంది. వాడని మందు లేదు, అది మానలేదు. ఇక పాదం తీసేయక తప్పదన్నారు డాక్టరు. తీసేసేముందు కొత్తరకం కట్టొకటి వేసి చూద్దామన్నారు.

పాదం లేని డ్రైవరుకు బస్సెవరిస్తారు? ఆ ఆలోచనతోనే అతను సగం చచ్చిపోయి ఉన్నాడు.

లోపల నర్సు చిన్న డబ్బా మూత తీసింది.

"దూదిలా ఉందే!" అంది డ్రైవరు భార్య.

"గాజమ్మా ఇది. దూదిలా పీచు తీశారు. అందులో కాస్త రాగి కలిపారు. పుండు తడికి గాజు కరిగేకొద్దీ రాగి కొంచెం కొంచెంగా ఊరుతుంది. చీము పట్టనివ్వదు, కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది."

"నా కొంప ముంచిందే గాజు కదమ్మా!" అన్నాడు డ్రైవరు.

"ఆ పాపం ఇలా కడుక్కుంటోందనుకోండి."

భార్య నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

తర్వాత కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆరాలమ్మ గుమ్మం దగ్గరే ఉంది.

"నిద్ర పడుతోందా నాయనా? కాలు వెచ్చగా ఉంటోందా?"

అతను ముఖం తిప్పుకున్నాడు. భార్య ఊరుకోలేకపోయింది.

"ఎక్కడి నిద్ర పిన్నిగారూ! మొద్దుబారిన కాలు కాస్తా కట్టు కట్టిన మర్నాటినుంచి ఒకటే మంటట. జ్వరం తగిలినా పళ్ళు బిగబట్టుకుని పడుకుంటున్నారు."

"పుండు చుట్టూనా, నడిమధ్యనా?"

"నువ్వు లోపలికి రా!" అని భార్యను కసిరాడు డ్రైవరు.

లోపల డాక్టరు అడిగారు. "ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

బాగాలేదంటే కట్టు మానేసి కత్తి పట్టుకుంటారని అతని భయం. భార్యనూ నోరు విప్పనివ్వలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరు, "మంటగా ఉంటోందట కదా? నాతో చెప్పొద్దూ?" అని, రాగి తక్కువ ఉన్న వేరే డబ్బాలోంచి దూది తీయించి పలచగా పరిపించారు.

డ్రైవరుకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే నేరుగా చక్రాల కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"డాక్టరుకి చాడీలు చెప్పారా? నా కాలూ పోతే మీకు తోడు దొరుకుతుందనా?"

బెంచీ మీదివాళ్ళు తలలు తిప్పి చూశారు.

భార్య అతని చెయ్యి పట్టుకుని లాగింది. "ఏం మాటలండీ అవి!"

ఆరాలమ్మ అతని కట్టుకాలివైపు ఒకసారి చూసింది. తర్వాత నెమ్మదిగా, "అరిచే ఓపిక వచ్చిందంటే జ్వరం తగ్గినట్టే. మంచిదే నాయనా," అని కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆవిడ అతన్ని ఏమీ అడగలేదు. వరండా చివర కూర్చుని అతని నడకనే చూసేది. అతను చూస్తే కళ్ళు దించుకునేది.

మంట తగ్గింది. పుండు అంచుల్లో ఎర్రగా కొత్త కండ కనిపించింది. వెడల్పు తగ్గింది, లోతు పూడింది. చివరికి ఒకరోజు నర్సు కట్టు విప్పి, మళ్ళీ కట్టలేదు. అరికాల్లో లేత గులాబీ రంగు చర్మం మెరుస్తోంది.

డ్రైవరు రెండు పాదాలూ నేలమీద ఆనించి నిలబడ్డాడు. భార్య కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కసారి ఆ పెద్దావిడతో చెప్పి వెళ్దామండీ," అంది.

అతనూ ఆ మాటే అనబోతున్నాడు. "ఆరోజు నోరు జారాను. ఎక్కడున్నారామె? ఈమధ్య కనబడటం లేదే?" అని నర్సును అడిగాడు.

నర్సు చేతి తొడుగులు తీస్తూ ఆగిపోయింది.

"పోయారండీ. ఎప్పటినుంచో గుండె జబ్బు. పోయేముందు కూడా మీ కాలు ఎంతవరకు మానిందనే అడిగారు."

డ్రైవరు తొడుక్కోబోతున్న చెప్పు పక్కన పెట్టేశాడు.

"అయ్యో! ఆమెకూ ఈ కట్టు దొరికి ఉంటే కాలైనా దక్కేదేమో," అంది భార్య.

నర్సు తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారమ్మా. కాలు పోయినదాన్ని చూపిస్తే ఈ కట్టు ఎవరు కట్టించుకుంటారని ఆమె బెంగ."

"అంటే?" అన్నాడు డ్రైవరు.

"మొదట ఈ కట్టు కట్టింది ఆమె కాలికేనండీ. రాగి ఎంత కలిపితే మానుతుందో, ఎంత మించితే కాలుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో, 'ఎలాగూ తీసేసే కాలేగా, తీసేలోపు దీనిమీదే చూసుకోండి' అని కాలు ఇచ్చేశారు."