బ్రహ్మచారి వద్దన్న కూలర్

"నాకెందుకే కొత్త పంకా? ఉన్నదానితోని నడుస్తలేదా?" అన్నాడు బ్రహ్మచారి.

"నడుస్తే గిట్ల నడిమిట్ల ఎందుకు ఆగుతున్నవ్?" అంది లచ్చమ్మ, అన్నం కలుపుకుంటూ.

"ఆగితే ఏమాయె. మల్ల వస్తలేనా? లచ్చా, కూరల జెర ఉప్పు..."

గుర్రుమని ఓ చప్పుడు. తెర నల్లబడింది. లచ్చమ్మ కలిపిన ముద్దను పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది.

పేరుకే బ్రహ్మచారి. లచ్చమ్మతో నిండుగా సంసారం చేసి, ఓ ఆడపిల్లను కని, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరై, పోయిన వానాకాలం గుండె ఆగి పోయాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి దానికి జ్వరమో, ఒట్టి పొగరో చెప్పేసేవాడని తోటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగం కోసేసినా గట్టి మనిషే. రిటైరయ్యాక ఒక్కొక్క సామానే తెచ్చుకుని, తన చేత్తోనే బిగించి ఓ కంప్యూటర్ చేసుకున్నాడు. ఆయన పోయాక కూతురు సృజన, ఫోన్లలో మిగిలిన ఆయన మాటలన్నీ ఏరి అందులో పోసింది. అడిగితే ఆయన గొంతుతోనే జవాబు చెప్పే ప్రోగ్రాం పెట్టింది. సాఫ్ట్‌వేర్ పిల్ల మరి. అమ్మ ఒక్కతే కూచుని తినలేకపోతోందని దాని బాధ.

ఇప్పుడు తింటోంది, సగం. మాట్లాడేకొద్దీ పెట్టె వేడెక్కి భోజనం మధ్యలో ఆరిపోతుంది. ఆయన మాట ఆగితే ఆమె చెయ్యీ ఆగుతుంది. మనిషి చీపురుపుల్లయింది.

"అన్నం తిన్నంతసేపు మాట్లాడితే సాలు బిడ్డా. ఇంకేం అడగ" అంది లచ్చమ్మ, కూతురికి ఫోన్ చేసి.

ఆదివారం పొద్దున కార్ఖానా బస్తీలో తనుండే ఇంటి నుంచి వస్తూ వస్తూ, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణం పెట్టుకున్న సాదిక్‌ను వెంటబెట్టుకొచ్చింది సృజన. అతను సంచి నిండా కూలర్లు తెచ్చాడు. పెట్టె పక్క తలుపు తీసి టేపుతో కొలిచాడు.

"కూలరంటే కిటికీకి పెట్టేదనుకున్న" అంది లచ్చమ్మ.

"ఇది దీని లోపలికి అమ్మా. ఈ డబ్బాల ముఖ్యంగ కాగేది ప్రాసెసర్. అగ్గిపెట్టంత బిళ్ళ. అదే దీని మెదడు, అదే ప్రాణం. అది లేకుంటే పంకా తిరుగుతదేమో గాని, తెర మీద చుక్క సుత రాదు. దాని నెత్తి మీద ఈ పాత పంకా కూసుంది సూడుండ్రి, దీనికి దమ్ము లేదు. నీళ్లతోని సల్లబరిచేది పెట్టాల్నా?"

"కరెంటు పెట్టెల నీళ్లా? ఆయన బతికున్నప్పుడే బిందె ముట్టలే."

"అయితే వేడి గుంజే ఈ రేకుల గుత్తిది పెడదాం. పెద్దదైతే తలుపు పడదు. ఈ పొట్టిది కరెక్ట్."

"పొట్టిది పనిచేస్తదా?"

"నేను చేస్తలేనా అమ్మా?" అన్నాడు సాదిక్, ఉన్న కాస్త ఎత్తునూ నిటారుగా నిలబెట్టి.

విప్పేముందు ఎంత కాగుతుందో చూద్దామని ఆన్ చేశాడు.

"ఎవరే, నా తలుపు తీసింది?"

సాదిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. సృజన నవ్వింది.

"కెమెరా ఉందా అక్కా?"

"లేదు, మైకే. స్క్రూల సప్పుడు ఇన్నది."

"లచ్చా, అన్నం మాడుతుంది" అంది గొంతు.

లచ్చమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. నిజంగానే మాడుతోంది.

"మైకుకు వాసన సుత వస్తదా అక్కా?"

"మా అమ్మ రోజు మాడుస్తది. నాన్న రోజు గదే అంటుండె. రికార్డింగులల్ల సగం గదే మాట."

సాదిక్ నవ్వలేదు. రేకుల గుత్తికి కొత్త పంకాను తగిలించే పనిలో పడ్డాడు.

"సృజనా" అంది గొంతు, ఈసారి మెల్లగా. "ఆ పంకా ఇప్పకు బిడ్డా. నీకు దండం పెడ్త. అట్లనే ఉండనీ."

"పీనాసితనం సుత మంచిగ నేర్సుకున్నది" అంది సృజన. "చెప్పు తెగితే ఇనుప తీగతోని కుట్టుకుంటుండె సాదిక్, మా నాన్న."

"ఇప్పితే నేను..."

గుర్రుమంది. తెర నల్లబడింది.

లచ్చమ్మ గరిటెతోనే వచ్చింది. "ఏమన్నడు?"

"ఏమంటడు, కొత్తది వద్దంటుండు."

"వద్దనే అంటడు. పెండ్లిచూపులప్పుడు సుత నన్ను వద్దనే అన్నడట. ఇప్పు కొడుకా."

సాదిక్ ప్లగ్గు పీకేశాడు. పెట్టె చల్లారేదాకా చాయ్ తాగారు. కప్పులు చల్లబడ్డాయి గానీ, వేలు పెట్టి చూస్తే పాత పంకా ఇంకా కాలుతూనే ఉంది. లచ్చమ్మ మాడని అన్నం మీది నుంచి ఏరి పళ్లెం నిండా పెట్టుకుని, కంప్యూటర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూచుంది.

"ఈ పూట మొత్తం తింట" అంది.

సాదిక్ పాత పంకా నాలుగు కాళ్లూ తిప్పి పైకి లాగాడు. ప్రాసెసర్‌కీ పంకాకీ మధ్య పూసే బంకలాంటి పేస్టు పట్టుకుని మొరాయిస్తుందనుకుంటే, తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూశాడు. అడుగున పేస్టు మరకైనా లేదు, అద్దంలా ఉంది. ఫోన్ లైటు వేసి పెట్టెలోకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"అక్కా, దీన్ని ఇంతకుముందు ఎవరన్నా ఇప్పిండ్రా?"

"నాన్న బిగించినంక ఎవ్వరు ముట్టలే. ఏమైంది?"

సాదిక్ లైటు ఆమె చేతికిచ్చి గోడదాకా వెనక్కి జరిగాడు. సృజన వంగి చూసింది.

పంకా కింద ప్రాసెసర్ లేదు.