గడ్డిలో పడిన బంతి

"కాలితో జరిపినాడు మేడమ్. నా కండ్లతో సూసినా," అంది మారెమ్మ.

కుప్పం దగ్గరి గోల్ఫ్ మైదానంలో చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. మదనపల్లె టమోటా మండీ యజమాని సుదర్శన్ అప్పుడే పుంగనూరు పాల వ్యాపారి సుబ్బయ్యను ఒక్క దెబ్బ తేడాతో ఓడించాడు. గెలిచినవాడికి ఇవ్వాల్సిన కప్పు ఇంకా మేనేజరు మాలతి చేతిలోనే ఉంది. మారెమ్మ ఆ రోజు సుబ్బయ్య కర్రల సంచి మోసిన మనిషి.

"నేనా? కాలితోనా?" సుదర్శన్ నవ్వబోయాడు. "తన పక్క ఓడిపోయిందని ఏదో అంటాంది మేడమ్."

"మీరు గెలిస్తే నాకేం, ఆయప్ప గెలిస్తే నాకేం సార్? బంతి గడ్డి మొదట్లో కూరుకోని ఉండాది. మీరు బూటుతో తోసి పొట్టిగడ్డి మీదికి తెచ్చినారు. ఆ గడ్డిలోంచి గుంత కాడి జెండా దాకా యా కర్రతో కొట్టినా రాదు."

"పాత కర్రయితే రాదు. ఇది హైబ్రిడ్!" సుదర్శన్ చేతిలోని కొత్త కర్రను పైకెత్తాడు. "ఇనప కర్రకూ, పెద్దతల కర్రకూ మధ్యరకం. గడ్డిని చీల్చుకోని పోతాది. కొంచెం అటూ ఇటూ తగిలినా బంతి దారి తప్పదు. మొన్ననే బెంగుళూరులో కొన్నా."

"అంటే మా పుంగనూరు ఆవుకు సీమ ఎద్దును కట్టినట్టా?" అన్నాడు సుబ్బయ్య. "పూటకు ఎన్ని లీటర్లు ఇస్తాదన్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాలతి నవ్వలేదు.

"మారెమ్మా, క్లబ్బు సభ్యుల మీద నింద వేసి నిరూపించలేకపోతే పనిలో ఉంచరు. ఆ సంగతి నీకు తెలుసు. పొరపాటు పడ్డానని చెప్పు, ఇంతటితో వదిలేద్దాం."

"తెలుసు మేడమ్. ఈ పని పోతే మళ్లా టమోటా తోటల్లో కూలికి పోవాల. అట్లని సూసింది సూల్లేదని యాల చెప్పేది?"

మాలతి ఆ గడ్డి వైపు చూసింది. "అయితే అదే గడ్డిలో బంతి పెడదాం. సుదర్శన్ గారే ఆ కర్రతో కొడతారు. బంతి జెండా దగ్గరి పచ్చికను చేరితే ఆయన మాట నిజం. చేరకపోతే నీ మాట నిజం."

అందరూ అక్కడికి నడిచారు. సుదర్శన్ అందరికన్నా వెనక నడిచాడు. కొన్నప్పటినుంచీ ఆ కర్రతో అంత గడ్డిలోంచి అతను ఎన్నడూ కొట్టలేదు. నమ్మకం లేకనే ఇందాక ఆటలో కాలు కదిలింది.

మారెమ్మ బంతిని గడ్డి మొదట్లో పెట్టి లేచింది. వెళ్లబోతూ ఆగి, అతను నిలబడాల్సిన చోట ఉన్న తుమ్మకంపను తీసి అవతల పారేసింది.

"ఇంగా ముండ్లుంటాయేమో. సూసి నిలబడు సార్."

సుదర్శన్ ముఖం వేడెక్కింది. కాసేపట్లో తన వల్ల పని పోగొట్టుకోబోయే మనిషి, తనకు ముల్లు గుచ్చుకోకూడదని చూస్తోంది. అందరి ముందు ఒప్పుకుందామంటే నోరు రాలేదు. బంతి పచ్చికను చేరకపోతే చాలనుకున్నాడు. మారెమ్మ మాట నిలబడుతుంది, తాను నోరు విప్పే పని ఉండదు. అంత సిగ్గులోనూ తనకు అనువైన దారినే వెతుక్కున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది.

కర్రను వదులుగా పట్టుకున్నాడు. కొట్టకముందే తల పైకెత్తేశాడు. కర్ర కొస మాత్రమే తగిలేలా మణికట్టు తిప్పి ఊపాడు.

గడ్డి పరపరమంది. బంతి లేచింది. గాలిలో కాస్త వంకర పోయినట్టే పోయి, మళ్లీ దారికొచ్చి, పచ్చిక మీద పడి, దొర్లుకుంటూ వెళ్లి జెండాకు దగ్గరగా ఆగింది.

"ఇది ఆవు గాదన్నా, కామధేనువు!" అని అరిచాడు సుబ్బయ్య. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. మారెమ్మ మాత్రం ఆ బంతి వైపే చూస్తూ నిలబడిపోయింది.

మాలతి చెయ్యి చాపింది. "కార్డు ఇచ్చెయ్ మారెమ్మా."

మారెమ్మ మెడలోని గుర్తింపు కార్డును తీయబోయింది. తాడు జుట్టులో చిక్కుకుంది. దాన్ని విడదీసుకుంటోంది.

"ఆగండి మేడమ్!" సుదర్శన్ ముందుకొచ్చాడు. "ఆయమ్మ చెప్పింది నిజం. నేనే కాలితో జరిపినా."

ఎవరేమన్నా పడటానికి సిద్ధపడి, సుదర్శన్ తల దించుకున్నాడు.

సుబ్బయ్య దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "సూసినారా? ఆయమ్మ పని పోతాందని లేని తప్పు నెత్తిన ఏసుకుంటాండాడు. ఇట్టాంటి మనిషి చేతిలో ఓడిపోవడం కూడా నాకు గొప్పేనప్పా!"

"కాదు సుబ్బయ్యా, నిజంగానే నేను..."

"ఊరుకో అన్నా. అంత గడ్డిలోంచి కొట్టింది మేమంతా సూసినాం గదా!"

మాలతి కార్డును మారెమ్మ మెడలో సరిచేసింది. "ఆయన మంచితనం వల్ల నీ పని నిలబడింది," అని కప్పును సుదర్శన్ చేతుల్లో పెట్టింది.

"మారెమ్మా, నువ్వన్నా చెప్పమ్మా," అని బతిమాలాడు సుదర్శన్. "నువ్వు సూసినావు గదా!"

"నా కండ్లకే ఏదో అయ్యుంటాది సామీ, తప్పైపోయింది," అంటూ మారెమ్మ వంగి, బంతిని జరిపిన ఆ కాలికే దండం పెట్టింది.