పైన శ్రీ

బోధన్‌లో డాక్యుమెంట్ రైటర్ దేవిదాస్ చీకటి పడ్డాక దుకాణంలో ఒక్కడే ఉన్నాడు. రాసి రాసి చెయ్యి లాగేస్తోంది. చేతిరాతను ఫోన్‌లో టైపు చేసి చూపించే పెన్నులు రెండు తెచ్చుకున్నాడు. ఒకటి ఉంచుకుని ఇంకోటి వాపసు ఇవ్వాలి. రెంటితోనూ ఒకే ముక్క రాశాడు: "కోటగిరి శివారులో రెండెకరాల తరి పొలం."

మొదటి పెన్ను ఉన్నదున్నట్టు చూపింది. రెండోది పైన "శ్రీ" కూడా చూపింది. కాగితం మీద శ్రీ లేదు.

శ్రీ పెట్టకుండా మొదలుపెడితే, ఈ రాత పని నేర్పిన తండ్రి, బాపు, కాగితం చింపేసేవాడు. ఆయన పోయి చాన్నాళ్లయింది.

"నా శెయ్యి లేస్తలేదు బాపూ," అన్నాడు దేవిదాస్ విసుగ్గా. "ఇగ నువ్వే రాయి."

లైటు ఆర్పి తాళం తీసుకున్నాడు.

వెనక, బల్ల దగ్గర, కాగితం మీద ఎవరో మెల్లగా ఊదారు. సిరా ఆరడానికి బాపు ఊదినట్టే.