డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు

“దీనికి తాళం ఉందా?”

తలుపు పక్క కుర్చీలో కూర్చున్న ముసలాయన మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.

రామమోహన్‌కి ఒళ్ళు మండింది.

అమెరికాలో షాంటిలీ అనే ఊళ్ళో పాములు పెంచుకునేవాళ్ళకి ఒక క్లబ్బుంది. నెలకోసారి లైబ్రరీ గదిలో కలుస్తారు. ఎవరి పెట్టె వాళ్ళు మోసుకొచ్చి, తమ పాము ఏం తిన్నదో, ఎంత పెరిగిందో కన్నపిల్లల సంగతి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. అందులో తెలుగువాళ్ళు ఒకే ఒక జంట, ఇంజనీరు రామమోహన్, అతని భార్య రేణు.

వాళ్ళది విషం లేని కార్న్ స్నేక్. పేరు సుబ్బారాయుడు.

“పామొస్తే నేనీ ఇంట్లో ఉండను” అన్న రేణే ఇప్పుడు నాగుల చవితికి దాని అద్దాల పెట్టె ముందు పాలగ్లాసు పెట్టి దణ్ణం పెట్టుకుంటోంది. సుబ్బారాయుడు పాలు ముట్టడు. ఆ పాలు తర్వాత రామమోహన్ కాఫీలోకి వెళ్తాయి. ఈ దేశంలో పుట్ట వెతుక్కునే బాధ తప్పింది, అది చాలు!

1984లో ఆ సుబ్బారాయుడి ప్రాణం మీదికొచ్చింది.

పక్క కౌంటీలో టామీ అనే కాలేజీ కుర్రాడు తను పెంచుకున్న తాచుపామే కరిచి చనిపోయాడు. దాంతో రాష్ట్రంలో ఎవరూ ఏ పామునీ పెంచకూడదని ‘టామీ బిల్లు’ తయారైంది. ఉన్న పాముల్ని అప్పజెప్పాలి. అప్పజెప్పినవాటిని చంపేస్తారు.

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది! ఎలక్షన్ వస్తోందిగా, వీళ్ళకి పేపర్లో ఫోటో కావాలి” అని రామమోహన్ కనిపించినవాళ్ళందరి దగ్గరా మండిపడేవాడు.

సరిగ్గా అప్పుడే ఈ ముసలాయన రావడం మొదలుపెట్టాడు. పేరు వాల్టర్ అన్నాడు. ఆయనకి పాము లేదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని అందరి మాటలూ వింటాడు. ఏ పెట్టె చూసినా ఒకటే ప్రశ్న, తాళం ఉందా అని.

“గవర్నమెంట్ మనిషే. మనల్ని ఇన్‌స్పెక్ట్ చేసి రిపోర్ట్ రాస్తున్నాడు” అన్నాడు రామమోహన్ తెలుగులో.

“మీకన్నీ అనుమానాలే. పాపం, ఎలా చిక్కిపోయాడో చూడండి” అంది రేణు.

అందరికీ తెచ్చిన పులిహోరలో కొంత స్టీలు డబ్బాలో సర్ది ఆయన చేతికిచ్చింది.

“శుభ్రంగా కడిగి తెచ్చిస్తాను” అన్నాడు వాల్టర్.

“కడిగి ఖాళీగా ఇవ్వకూడదు. మా వాళ్ళు చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు” అని నవ్వింది రేణు.

ఆయన బుద్ధిగా తలూపాడు. తర్వాత సుబ్బారాయుడి పెట్టె దగ్గరికొచ్చి, వంగి చూసి, అడగనే అడిగాడు తాళం సంగతి.

“లేదు. మూత మీద డిక్షనరీ పెడతాను. రాసుకోండి మీ రిపోర్టులో!”

“డిక్షనరీ చాలదు బాబూ.”

“చాలుతుందో లేదో మేం చూసుకుంటాం. మీరు ఇకమీదట ఇక్కడికి రాకండి.”

వాల్టర్ టోపీ తీసుకుని, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. దారి పొడుగునా రేణు మొగుడితో మాట్లాడలేదు.

బిల్లు మీద విచారణ రోజున క్లబ్బంతా రాజధానికి వెళ్ళింది. వరండాలో తమ వంతు కోసం కూర్చున్నారు. తలుపు తెరుచుకుని నల్ల సూటులో ఒక మనిషి బయటికొచ్చాడు.

వాల్టర్!

“చెప్పానా? లోపలివాడే!” అని రామమోహన్ మొహం తిప్పుకున్నాడు.

వాల్టర్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లోపల కమిటీ ఛైర్మన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

“నిషేధం తీసేస్తున్నాం. విషం లేనివి పెంచుకోండి. పెట్టెకి తాళం మాత్రం తప్పనిసరి” అన్నాడు.

పాము చావలేదు, కర్రా విరగలేదు! రామమోహన్ తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు.

“ఇంతలో ఏమైంది సార్?”

“మీకంటే ముందు ఒకాయన మాట్లాడాడు. ఆయనే వద్దన్నాక ఈ బిల్లు పెట్టే మొహం మాకు లేదు.”

రేణు మెల్లగా అంది. “ఏవండీ, మనకంటే ముందు లోపల్నించి వచ్చింది ఆయనొక్కడే కదా?”

రామమోహన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ వెనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎంత మంచివాడో! ఛైర్మన్ అంతటివాడు విన్నాడంటే గవర్నమెంట్‌లో చాలా పెద్ద పోస్టే అయుంటుంది” అన్నాడు.

తర్వాతి నెల సుబ్బారాయుడి పెట్టెకి కొత్త తాళం వేసి తీసుకెళ్ళాడు. ఆయనకి చూపించాలి, చేతులు పట్టుకుని క్షమించమనాలి. తలుపు పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

వాల్టర్ రాలేదు. ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ చేతిలో రేణు స్టీలు డబ్బా.

“నేను వాల్టర్ భార్యని.”

“ఆయన రాలేదా అమ్మా?” రామమోహన్ ఆత్రంగా లేచాడు.

“బయట కారులో ఉన్నాడు. మీరు రావద్దన్నారట కదా. మేం ఇవాళే అరిజోనా వెళ్ళిపోతున్నాం, మా అమ్మాయి దగ్గరికి.”

“అయ్యో, నా నోరు పడిపోను! ఆయన దయ వల్లే మా సుబ్బారాయుడు బతికాడమ్మా. జన్మలో మర్చిపోలేను. ఇంతకీ ఆయనది ఏ డిపార్ట్‌మెంట్?”

ఆవిడ డబ్బా అందించింది.

“ఖాళీగా ఇవ్వకూడదటగా. ఏం పెట్టాలా అని మా ఆయన చాలా ఆలోచించాడు.”

రామమోహన్ మూత తీశాడు. లోపల ఒక చిన్న ఇత్తడి తాళం, చెవితో సహా ఉంది.

“ఆయనకి ఏ డిపార్ట్‌మెంటూ లేదు బాబూ” అందావిడ. “ఇది మా టామీ ఆ రోజు పెట్టెకి వెయ్యడం మర్చిపోయిన తాళం.”