ఖాళీ పొదుగులు

అచ్చంపేట పశువుల డాక్టరు చెప్పినట్టే చేశారు గుర్వమ్మా, ఆమె పెనిమిటి ఐలేశమూ. బొబ్బరోగంతో చచ్చిన ఏడు గొర్రెపిల్లలను వాగు అవతల నిలువెత్తు గుంతలో పూడ్చి సున్నం చల్లారు. వాటి తల్లులను వేరే దొడ్లో కట్టేశారు. ఇక మిగిలిన నలభై గొర్రెలే వాళ్ళ బతుకు. వాటికి రోగం అంటకుండా కాచుకోవాలి.

పొద్దుగూకినా ఆ తల్లులు అరుపు మానలేదు. బాగా రాత్రయ్యాక, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఏందే, నీ లెక్కనే అరిసి అరిసి అలిసినయా?" అన్నాడు ఐలేశం.

"నీ నోట్ల మన్నువడ! పాలు నిండి పొదుగులు సలుపుతున్నయేమో. జర పిండి పారబోసొస్త," అని గుర్వమ్మ లాంతరు తీసుకుని వెళ్ళింది.

మొదటి గొర్రె పొదుగు మెత్తగా, ఖాళీగా ఉంది. చన్ను తడిగా ఉంది. రెండోదీ అంతే. ఏడూ అంతే.

"ఓ అయ్యా! పిల్లలను గిట ఇడిసిపెట్టినవా?"

"గంపల కిందనే ఉన్నయి గదనే."

అయినా లేచి గంపలన్నీ ఎత్తి చూశాడు. రోగం లేని మంచి మంద పిల్లలు ముడుచుకుని నిద్రపోతున్నాయి. ఒక్కదాని మూతికీ తడి లేదు.

అప్పుడే మంచి మందలో ఒక గొర్రె లేచింది. వెనక కాళ్ళు ఎడం చేసి, పాలు తాగే పిల్లను వాసన చూస్తున్నట్టు మెడ వెనక్కి తిప్పి నిలబడింది.

గుర్వమ్మ లాంతరు కిందికి దించింది. గొర్రె పొట్ట కింద ఏమీ లేదు. చప్పరిస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

పక్కనే ఇంకో గొర్రె లేచి నిలబడింది.