చెవి విరిగిన పంది

మ్యూజియం మూసెయ్యడానికి ఇంకా పావుగంటే ఉంది. గుమాంగన్ మధ్యాహ్నం నుంచి చూస్తున్నాడు, కాపలావాడు ఆ అద్దాల పెట్టె దగ్గర్నుంచి కదిలితే ఒట్టు.

పెట్టెలో పంది ఆకారంలో చెక్కిన మాంసం గిన్నె ఉంది. పంది వీపే దాని మూత. పక్కనున్న చీటీ మీద 'ఇఫుగావో' అని తమ కొండజాతి పేరు తప్ప ఇంకేమీ లేదు.

ఇక ఆగలేక దగ్గరికెళ్లాడు.

"ఏవయ్యా, ఏంటా సంచిలో?" అన్నాడు కాపలావాడు.

"అన్నం, ఉప్పుమాంసం. ఆ గిన్నెలో పెట్టాలి."

"భలేవాడివే. చీమలు పట్టాయని నిన్ననే నాకు చీవాట్లు పడ్డాయి."

గుమాంగన్‌కి ఏడుపొచ్చింది. ఆరేళ్ల కూతురు ఇమాయా జ్వరంతో కాలిపోతోంది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు. ఊళ్లో పూజారి కోడిని కోసి, పిత్తాశయం చూసి, "పోయిన మీ తాతకి ఆయన గిన్నెలో తిండి అందట్లేదు" అన్నాడు.

"గిన్నె అమ్మేసి ఇరవై ఏళ్లయింది. ఇన్నాళ్లూ నోరెత్తని ముసలాయనకి ఇప్పుడే ఆకలేసిందా?" అని భార్య విసుక్కుంది. విసుక్కుంటూనే అన్నం వండి, అరిటాకులో కట్టిచ్చింది. తొమ్మిది గంటలు బస్సులో ఆ మూట ఒళ్లోంచి దించలేదు అతను.

"ఒక్క ముద్ద తమ్ముడూ. మా పాపకి జ్వరం తగ్గట్లేదు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కుదరదు. నేను చేరి పన్నెండు రోజులు. అప్పుడే ఊడగొడతావా?"

"అది మా ఇందునాన్ తాత చెక్కింది. ఆ ఎడమ చెవి చిన్నప్పుడు నేనే విరగ్గొట్టా. వీపు చిట్లేలా కొట్టాడు."

కాపలావాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీదా ఇది?" అన్నాడు. "పాపకి జ్వరం ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"పదకొండు రోజులు."

కాపలావాడు వెళ్లి హాలు తలుపు మూసొచ్చాడు. నడుముకున్న తాళంచెవి తీసి అద్దం తెరిచాడు. పంది వీపు పైకెత్తాడు.

గిన్నె నిండా అన్నం. పైన ఉప్పుమాంసం ముక్క.

ఇంతసేపూ పట్నం యాసలో కసిరిన మనిషి, అచ్చం తన కొండ మాటలోనే ఏడుస్తూ అన్నాడు.

"అన్నా, చీటీ మీద ఎవరి పేరూ లేదు. మా ఇంటి గిన్నె కూడా ఎప్పుడో అమ్మేశారని, చేరిన రోజు నుంచీ పొద్దున్నే ఇందులో వడ్డించి, మీ తాత కళ్లముందే మా తాతల్ని పిలుస్తున్నా."